వెనిసు నగరపు అనాథబాలికల వాద్యమేళము

ఒక పాఠశాలలోని విద్యార్థినులు వాయించు మేళమును వినుటకై రాజులును, రాయబారులును, సంగీత విద్వాంసులును దూరదేశములనుండి ప్రయాణమై వచ్చుచుండిరనినచో వినువారికి అతిశయోక్తిగా తోచవచ్చును. ఆ విద్యార్థినులు తలిదండ్రులెవరో తెలియని అనాథలనియు, వారిలో పెక్కురకు ఇంటిపేరైనను లేదనియు చెప్పినచో మరింత వింతగా నుండును. అయినను ఇది కట్టుకథ కాదు. ఇటలీ దేశములోని వెనిసు నగరమున 17, 18 శతాబ్దములలో ఇట్టి సంగీత పాఠశాల యొకటి వర్ధిల్లెను. అది ఒక శరణాలయములోని పాఠశాల. ఆ శరణాలయమునకు పియెతా యని పేరు. ఇటాలియను భాషలో ఈ మాటకు జాలి, కనికరము అని యర్థము.

ఆ శరణాలయ మెట్లు పుట్టినదో, అందలి బాలికల మేళము ఎట్లు తయారైనదో, అంతటి కీర్తి దానికి ఏ కారణముచేత వచ్చినదో ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపదలచితిమి. సంగీతము నేర్చినవారికే గాక, బోధించువారికిని, చదువుకొను పిల్లలకును, వారి తలిదండ్రులకును ఇందు గ్రహింపదగిన విషయము కలదని మా యభిప్రాయము.

వెనిసు నగరము సముద్రము చొచ్చుకొనివచ్చిన ఉప్పునీటి కయ్యలో చిన్నచిన్న దీవులమీద కట్టబడినది. అందు బండ్లు నడచు బాటలకు బదులు కాలువలు కలవు; జనులు పడవలమీద రాకపోకలు సాగింతురు. పూర్వము అది యే రాజునకును లోబడక, తనను తానే పాలించుకొను వర్తకరాజ్యముగా నుండెను. వర్తకమువలన సంపద పెరిగినను దారిద్ర్యము తొలగలేదు. ఓడలపై పోయిన నావికులు తిరిగి రాకుండుటచేతను, తెగుళ్లచేతను, పెండ్లికాని తల్లులు లోకనిందకు వెరచుటచేతను పసికందులు వీథులపాలగుచుండిరి. 1346వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సిస్కను సభకు చెందిన యొక సన్యాసి ఇట్టి శిశువులను చేరదీయ నారంభించెను. అదియే పియెతా శరణాలయమునకు మొదలు. కాలక్రమమున నగరములో ఇట్టి పెద్ద శరణాలయములు నాలుగేర్పడెను. పియెతా విడువబడిన శిశువులకును, తక్కిన మూడును బిచ్చగాండ్రకును, కుదరని రోగములు గలవారికిని, దిక్కులేనివారికిని ఉద్దేశింపబడినవి. ఈ నాలుగింటను బాలికలకు సంగీతము నేర్పబడుచుండెను గాని, వాద్యమేళమున పియెతాయే మేటి యని పేరు పొందెను.

ఆ శరణాలయపు గోడలో చిన్న గూడు ఒకటి యుండెను. శిశువును విడువవచ్చినవారు ఆ గూటిలో నుంచి పోవుదురు. లోపలివారు వచ్చి శిశువును ఎత్తుకొని, తేదీని, ఒంటిమీది గుర్తులను పుస్తకములో వ్రాసికొందురు. కొందరు తల్లులు శిశువుతోకూడ సగము విరిచిన పతకమునో, సగము చించిన బొమ్మనో ఉంచి, తక్కిన సగమును తమయొద్ద దాచుకొనుచుండిరి. ఎన్నడైనను మంచి దినములు వచ్చినయెడల ఆ సగమును తెచ్చి, రెండును అతికించి చూపి, తమ బిడ్డను మరల అడుగవచ్చునని వారి యాశ. ఆ సగపు గుర్తులు కొన్ని నేటికిని అచట భద్రపరుపబడియున్నవి. గోడమీద మరియొక గుర్తుకూడ కలదు. బిడ్డలను పోషించు శక్తి కలిగియుండియు ఇచట విడిచిపోవువారు శాపగ్రస్తులగుదురని మూడవ పౌలు పోపు 1548వ సంవత్సరమున చేసిన శాసనమును తెలుపు రాతిఫలకము ఇప్పటికిని అచట చూడవచ్చును. పేదరాలికి తొట్టియు, కలిగియుండియు కఠినులైనవారికి హెచ్చరికయు ఒకే చోట నుండెను.

లోపల చేరిన మగపిల్లలు ఈడు వచ్చినపిమ్మట ఏదేని చేతిపని నేర్చుకొని వెలుపలికి పోవుచుండిరి. ఆడపిల్లలు లోపలనే పెరుగుదురు. వారిలో ఎక్కువమందికి కుట్టుపని, లేసు అల్లుట, ఇంటిపనులు, రోగుల పరిచర్య మున్నగునవి విధింపబడుచుండెను. వీరు సామాన్య బాలికలు. గొంతును చెవియు బాగుగా నున్న కొందరిని ఏరి సంగీతమున ప్రవేశపెట్టుచుండిరి. వీరికి మేళపు బాలికలని పేరు.

అనాథశరణాలయమునకు సంగీతమెందుకని కొందరడుగవచ్చును. ఆదివారములందును పండుగదినములందును జరుగు ఆరాధనలలో మంచి సంగీతమున్నచో జనులు వత్తురు, వచ్చినవారు కానుకలిత్తురు, ధనవంతులు తమ మరణశాసనములలో శరణాలయమునకు ఆస్తులు వ్రాయుదురు. ఆ ధనము శిశువుల పాలకును, దాదుల జీతములకును, పిల్లల యన్నవస్త్రములకును ఉపయోగపడును. కావున ఫిడేలు పట్టిన పెద్దపిల్ల గూటిలో దొరికిన చిన్నపిల్లను పోషించుచుండెనని చెప్పినను తప్పు గాదు.

ఆ మేళము వాయించిన సంగీతమునకు ఇప్పుడు బరోకు సంగీతమని పేరు. రమారమి 1600 మొదలు 1750 వరకు యూరపు ఖండమున వ్యాపించిన రీతి యిది. పోర్చుగీసువారు వంకర ముత్యమునకు వాడిన మాటనుండి ఈ పేరు పుట్టినదని పలువురి తలంపు. మెలికలును మెరుపులును గల యలంకారములు అందు మెండుగా నుండుటచేత తరువాతి కాలపువారు దాని నిట్లు పిలిచిరి. ఈ రీతికి ఆధారము అడుగున ఎడతెగక సాగు మంద్రస్వరము. మన తంబురా ఒకే శ్రుతిని పట్టియుంచును. బరోకు మంద్రము అట్లు నిలిచియుండక, పాటతోకూడ నడచుచు పైస్వరముల భారమును మోయుచుండును. దానిని పెద్ద ఫిడేలువంటి సెల్లోయు, దానితోపాటు ఆర్గను గాని హార్ప్సికార్డు గాని వాయించును. హార్ప్సికార్డు చూపునకు పియానోను పోలియుండును. కాని మెట్టు నొక్కినపుడు పియానోలో సుత్తి తీగను కొట్టగా, హార్ప్సికార్డులో పక్షియీక ముక్క తీగను మీటును. కావున దాని నాదము మనకు వీణను జ్ఞప్తికి తెచ్చును. వీటిపైన ఫిడేళ్లు జట్లుజట్లుగా వాయించును. పిల్లనగ్రోవియు, మన సన్నాయికి దూరపు చుట్టమని చెప్పదగిన ఓబోయు, పొడవైన గొట్టముగల బసూనును, మాండలినును పియెతాలో వాడుకయందుండెను.

ఫిడేలు మనవారికి పరిచయమైనదే. దక్షిణదేశపు విద్వాంసులు దానిని పాశ్చాత్యులనుండి గైకొని మన సంగీతమునకు అలవరచుకొనిరి. విజయనగరపు సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) బోధించిన ఫిడేలును, వెనిసు బాలికలు పట్టిన ఫిడేలును ఒకే చెట్టు కొమ్మలు. పట్టు వేరు, సంగీతము వేరు. వాద్యము మాత్రము ఇటలీలో రూపు దిద్దుకొన్నదే.

మేళములో చేరిన బాలిక ఎట్లు నేర్చుకొనెనను విషయమే మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. వెలుపలినుండి వచ్చు పురుష గురువులు కొలదిమందియే. వారు నియమిత దినములలో వచ్చి పాఠము చెప్పి పోవుదురు. తక్కిన సమయమంతయు పిల్లలకు గురువులెవరనగా, వారికన్న ముందు నేర్చిన పిల్లలే. స్వరములు చదువుట, గొంతు సవరించుట, కమాను పట్టుట మొదలగు ప్రథమపాఠములను పెద్ద బాలికలు చిన్న బాలికలకు చెప్పుచుండిరి. బాగుగా తేరినవారు ఉపాధ్యాయినులగుదురు. వారందరిపైన మేళమునకు పెద్ద ఉపాధ్యాయిని యొకతె యుండును. వయసు మళ్లి వాయించుట తగ్గించినవారుకూడ బోధనలో తోడ్పడుచుండిరి. ఇట్లు నేడు పాఠము చెప్పించుకొను పదేండ్ల పిల్ల, పదేండ్లు గడచునప్పటికి మరియొక పదేండ్ల పిల్లను తన యెదుట కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పును. వెలుపలి గురువులు మారుచుండిరి, కొందరు వేరు పట్టణములకు పోవుచుండిరి, కొందరు మరణించుచుండిరి. లోపలి గొలుసు తెగలేదు. తరములు గడచినను మేళపు నాణ్యము నిలుచుటకు ఇదియే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము.

ఈ బాలికల బోధనకు ఎంత పేరు వచ్చెననగా, నగరములోని గొప్పింటివారు రుసుము చెల్లించి తమ కూతుండ్రను వారియొద్ద సంగీతము నేర్చుకొన బంపుచుండిరి. గోడగూటిలో దొరికిన పిల్ల మేడలో పుట్టిన పిల్లకు గురువయ్యెను. ఉపాధ్యాయ శిక్షణము పొందినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. ఒక పాఠమును తాను చదువుకొన్నపుడు కొంత తెలియును. అదే పాఠమును తనకన్న చిన్నవానికి చెప్పవలసివచ్చినపుడు తనకు తెలియని చోటులన్నియు బయటపడును. వాటిని సరిచేసికొనక తప్పదు. నేర్పుటయే రెండవమారు నేర్చుకొనుట.

వెలుపలి గురువులలో మిక్కిలి ప్రసిద్ధుడు ఆంటోనియో వివాల్ది. ఆయన 1678వ సంవత్సరము మార్చి 4వ తేదీన వెనిసులోనే పుట్టెను. 1703వ సంవత్సరము మార్చి నెలలో గురుపట్టము పొందెను. ఎర్రని జుట్టు గలవాడగుటచేత జనులు ఆయనను ఎర్రపాదిరి యని పిలుచుచుండిరి. చిన్ననాటినుండి ఊపిరాడని రొమ్ముజబ్బు ఉండుటచేత కొలదికాలములోనే పూజ జరుపుట మానుకొనెను. ఆ 1703వ సంవత్సరముననే సెప్టెంబరు నెలలో పియెతాలో ఫిడేలు గురువుగా చేరెను. జీతము యేటికి 60 డ్యూకట్లు.

శరణాలయపు ధర్మకర్తలు వెలుపలి గురువులను ఉంచవలెనా మానిపింపవలెనా యని ఏటేట ఓట్లు వేయుచుండిరి. 1709లో ఆయనకు ప్రతికూలముగా 7 ఓట్లును, అనుకూలముగా 6 ఓట్లును వచ్చుటచే పని పోయెను. లోకమంతయు నేడు కొనియాడు గురువు ఒక్క ఓటుచేత తొలగింపబడెను! మేళము మాత్రము ఆగలేదు. నడిపించుటకు లోపలి ఉపాధ్యాయినులుండిరి. 1711లో ఆయనను మరల తీసికొనిరి. అటుపిమ్మట వచ్చుచు పోవుచు 1738 వరకు ఆయనకు ఆ శరణాలయముతో సంబంధముండెను. 1723లో జరిగిన ఒడంబడిక ప్రకారము ఆయన నెలకు రెండు కొత్త కన్చెర్తోలు వ్రాసి యీయవలెను. ఊరిలో నున్నపుడు వాటిని బాలికలచే అభ్యాసము చేయింపవలెను. 1723 మొదలు 1733 వరకు 140 కన్చెర్తోలకు ఆయనకు సొమ్ము చెల్లించినట్లు శరణాలయపు లెక్కలలో నున్నది.

కన్చెర్తో యననేమో కొంచెము వివరింతుము. మన కీర్తనలలో పల్లవిని సంఘమంతయు పాడును. చరణమును ఒకరు పాడిన పిదప అందరును మరల పల్లవి నందుకొందురు. వివాల్ది కన్చెర్తో నడక ఇంచుమించుగా ఇట్టిదే. మొదట మేళమంతయు కలిసి ఒక వరుసను వాయించును. పిదప ఒక్క వాద్యము గాని, రెండు మూడు వాద్యములు గాని ముందునకు వచ్చి కష్టమైన సంగతులు వాయించును. తక్కినవారు మెల్లగా తోడ్పడుదురు. మరల అందరును మొదటి వరుసలో కొంత భాగమును వేరొక శ్రుతిలో అందుకొందురు. ఇట్లు కొన్నిమార్లు జరిగి, తుదకు మొదటి శ్రుతికి చేరుదురు. సాధారణముగా కన్చెర్తోకు మూడు భాగములుండును: మొదటిది వేగము, రెండవది నిదానము, మూడవది మరల వేగము.

బోధకుని కన్నుతో చూచినయెడల ఇది పాఠశాలకు చక్కగా తగిన కట్టుబాటు. అందరును కలిసి వాయించు భాగము కొంత సులభము గనుక కొత్తగా చేరిన పిల్లయు తన పాలు తాను వాయింపగలదు. ఒంటరిగా వాయించు భాగము కష్టము గనుక ఆరితేరిన పిల్లకు తన శక్తిని చూపుటకు అవకాశము కలదు. ఇరువురును ఒకే పాటలో ఒకరి ప్రక్క ఒకరుందురు. చిన్నపిల్ల పెద్దపిల్ల కమాను నడకను చూచును, వినును; తానును ఒకనాడు ఆ చోట నిలువవలెనని కోరును. ముందునకు వచ్చు వాద్యమును పాటపాటకు మారుచుండును. వివాల్ది కన్చెర్తోలు దాదాపు 500 కలవు. వాటిలో ఫిడేలునకు వ్రాసినవే ఎక్కువయైనను, సెల్లోకును, ఓబోకును, పిల్లనగ్రోవికిని, మాండలినునకును, సాధారణముగా వెనుక వరుసలో నుండు బసూనునకును వ్రాసినవి కలవు. మేళములో ఏ మూల కూర్చున్న పిల్లకైనను ముందునకు వచ్చు దినమొకటి యుండెనని దీనివలన ఊహింపవచ్చును.

1711లో ఆమ్‌స్టర్‌డాము నగరమున అచ్చయిన ఆయన పన్నెండు కన్చెర్తోలు యూరపు అంతట వ్యాపించెను. జర్మనీలో యోహాన్ సెబాస్టియన్ బాఖు వాటిని శ్రద్ధగా పరిశీలించి, కొన్నింటిని ఆర్గనునకును హార్ప్సికార్డునకును మార్చి వ్రాసెను. నాలుగు ఫిడేళ్లకు వ్రాసిన యొకదానిని నాలుగు హార్ప్సికార్డులకు మార్చెను. అంతటి విద్వాంసుడును ఇతరుల పాటను దగ్గర పెట్టుకొని తన చేతితో తిరుగ వ్రాసెననుట విద్యార్థులు మరువరాదు.

మేళపు బాలికలలో పెక్కురకు ఇంటిపేర్లు లేవని మొదటనే చెప్పితిమి. కావున వారు పట్టిన వాద్యమే వారికి ఇంటిపేరయ్యెను. ఓబో వాయించు పెల్లెగ్రీనా ఓబో పెల్లెగ్రీనా. ఫిడేలు వాయించు అన్నా మరియ ఫిడేలు అన్నా మరియ. మేళములో పురుషులు లేరు గనుక బృందగానములోని మగగొంతు భాగములను సైతము స్త్రీలే పాడుచుండిరి. పాత పుస్తకములలో మంద్రస్థాయి అన్నా యను పేరుకూడ కానవచ్చుచున్నది. 1716లో వివాల్ది యూదితు కథను లాటిను మాటలతో సంగీతరూపమున కూర్చినపుడు, సేనాధిపతియైన హోలోఫెర్నెసు పాత్రతోసహా అన్ని పాత్రలను ఈ బాలికలే పాడిరి.

పైన చెప్పిన అన్నా మరియ రమారమి 1696లో పుట్టి 1782 వరకు జీవించినది. పసితనమున శరణాలయము చేరి, జీవితమంతయు అచటనే గడపినది. వివాల్ది తనకొరకు వ్రాసిన కష్టమైన కన్చెర్తోలను వాయించి, యూరపులోని గొప్ప ఫిడేలు విద్వాంసుల సరసన పేరు పొందినది. తరువాత తానే ఉపాధ్యాయినియై చిన్నవారికి నేర్పినది. ఆమె ఫిడేలు భాగములు గల వ్రాతపుస్తకము వెనిసు సంగీత కళాశాలలో నేటికిని కలదు. వివాల్ది 1741వ సంవత్సరము జూలై 28వ తేదీన వియన్నా నగరమున పేదరికములో మరణించెను. ఆయన శిష్యురాలు అటుపిమ్మట నలువదియేండ్లకు పైగా జీవించినది.

ఇట్టి మేళము కీర్తి నలుదెసల వ్యాపించుటలో వింత లేదు. 1708–1709 శీతకాలమున డెన్మార్కు రాజగు నాలుగవ ఫ్రెడరికు వచ్చి వినెను. 1739లో షార్లు ద బ్రోస్ అను ఫ్రెంచి న్యాయాధికారి తన యుత్తరములలో ఈ బాలికలను గూర్చి వ్రాసెను. సుమారు నలువదిమంది కలిసి వాయింతురనియు, ఎంత పెద్ద వాద్యమైనను వారిని భయపెట్టజాలదనియు, తెల్లబట్టలు ధరించి చెవిపైన దానిమ్మపూలు పెట్టుకొన్న బాలిక తాళము తప్పకుండ మేళమును నడపు సొగసు చూడదగినదనియు ఆయన వర్ణించెను.

దేవాలయమున బాలికలు పై వసారాలో ఇనుప జాలకముల వెనుకనుండి వాయింతురు. క్రింద కూర్చున్నవారికి నాదము వినబడును గాని ముఖములు స్పష్టముగా కనబడవు. ఫ్రెంచి తత్త్వవేత్త రూసో 1743–1744లో వెనిసున రాయబారికి కార్యదర్శిగా నుండి, బిచ్చగాండ్ర శరణాలయపు బాలికల గానమును వినబోవుచుండెను. అట్లు పాడువారు దేవదూతలవంటి సుందరులై యుందురని యూహించుకొని, అనుమతి పొంది ఒకనాడు లోపలికి పోయెను. చూడగా, ఒకతెకు ఒక కన్ను లేదు. ఒకతె ముఖము మశూచికముచే చెడిపోయినది. మొదట నిరాశపడిన రూసో, వారితో మాటలాడిన పిమ్మట, లోపల సౌందర్యము లేనిది అట్లు పాడుట సాధ్యము కాదని గ్రహించి సంతోషముతో మరలెను. ఈ వృత్తాంతమును ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనెను.

ఈ కథలో మెచ్చుకొనదగినదే గాక విచారింపదగినదియు కలదు. ఆ జాలకము బాలికలను లోకపు చూపులనుండి కాపాడినది. వారిని లోపలనే బంధించినదియు అదియే. వెలుపల అడుగు పెట్టవలెనన్న అనుమతి కావలెను. పెండ్లాడువారికి శరణాలయమే కట్నమిచ్చుచుండెను. కాని మేళపు బాలిక పెండ్లి చేసికొని వెడలినయెడల, ఇక బహిరంగమున పాడననియు వాయింపననియు మాట యీయవలసియుండెను. పదునైదు, ఇరువది యేండ్లు శ్రమించి నేర్చిన విద్యను గడపయొద్ద విడిచిపోవలెను. ఇల్లు కావలెనా, ఫిడేలు కావలెనా యని యిరువదేండ్ల పిల్ల తేల్చుకొనవలసివచ్చుట కఠినమే. పెక్కురు ఫిడేలును కోరుకొని లోపలనే ముసలివారైరి. పాటలు కూర్చినవారును వారిలో కొందరుండిరి. వారి పేర్లు చాలవరకు మరుగునపడెను.

ఆ గడప దాటి విద్యను నిలుపుకొన్న యొకతె చరిత్రము చెప్పదగినది. మద్దలేనా లొంబార్దీని (1745–1818) ఏడేండ్ల వయసున బిచ్చగాండ్ర శరణాలయపు మేళమున చేరినది. పాదువా నగరములోని తార్తీని యను ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు 1760వ సంవత్సరము మార్చి 5వ తేదీన ఆమెకొక యుత్తరము వ్రాసెను. అది యొక పాఠమే. కమానును తీగపై ఊపిరివలె మెత్తగా నానించి, నాదమును క్రమముగా పెంచి మరల తగ్గింపుమనియు, రెండు స్వరముల నడుమ కంపితమును మొదట నిదానముగా, పిదప కొంచెము వేగముగా, తుదకు మిక్కిలి వేగముగా అభ్యసింపుమనియు ఆయన బోధించెను. ఆ యుత్తరము 1770లో అచ్చయ్యెను. మరుసటి సంవత్సరము చార్లెసు బర్నీ దానిని ఇంగ్లీషులో ప్రకటించెను. 1767లో ఆమె లుదోవికో సిర్మెన్ అను ఫిడేలు వాద్యకుని పెండ్లాడి, 1768లో పారిసునందును, 1771లో లండనునందును సభలలో వాయించినది. స్వయముగా కన్చెర్తోలు కూర్చి అచ్చువేయించినది.

1797లో నెపోలియను సేనల రాకతో వెనిసు రాజ్యము కూలిపోయెను. శరణాలయముల మేళములకు అంతకుముందే క్షీణదశ ప్రారంభమైయుండెను. పియెతా మాత్రము శిశువులను సంరక్షించు పని మానలేదు. ఇప్పుడు యాత్రికులు చూచు పియెతా దేవాలయము 1745–1760 సంవత్సరముల నడుమ, అనగా వివాల్ది మరణించిన పిమ్మట, కట్టబడినది. ఆయన తన శిష్యురాండ్రచే వాయింపించిన పాత మందిరము నేడు లేదు.

ఆయన సంగీతమునుకూడ లోకము నూరేండ్లకు పైగా మరచియుండెను. 1926లో ఉత్తర యిటలీలో సలీషియను సభవారు నడపు ఒక బోర్డింగు పాఠశాలకు కట్టడముల మరమ్మతునకై డబ్బు కావలసివచ్చెను. వారు తమయొద్దనున్న పాత సంగీతపు వ్రాతప్రతులను అమ్మదలచి, వెల తెలిసికొనుటకై టురిను నగరపు గ్రంథాలయమువారి నడిగిరి. పరిశీలింపగా వాటిలో వివాల్ది సంగీతము గల సంపుటములు 14 బయటపడెను. కొనుటకు గ్రంథాలయమునకు డబ్బు లేదు. అప్పుడు రొబెర్తో ఫోవా అను ధనికుడు, పసితనమున మరణించిన తన కుమారుడు మౌరో జ్ఞాపకార్థముగా వాటిని కొని గ్రంథాలయమునకిచ్చెను. ఆ ప్రతుల తక్కిన సగము జెనోవా నగరములోని యొక కుటుంబమువారియొద్ద నున్నట్లు తరువాత తెలిసెను. రెన్‌త్సో జోర్దానో అను బట్టల వ్యాపారి, ఆయనయు చిన్నకుమారుని పోగొట్టుకొన్నవాడే, ఆ కుమారుడు ఫిలిప్పో పేర 1930లో వాటిని కొని యిచ్చెను. నేడు ఆ రెండు భాగములును ఆ యిద్దరు బాలుర పేర్లతోనే టురిను గ్రంథాలయమున నున్నవి. తలిదండ్రులు లేని పిల్లలకొరకు వ్రాసిన పాటలు అందు పెక్కులున్నవి. వాటిని కాపాడినవారు పిల్లలను పోగొట్టుకొన్న తండ్రులు. గోడగూటిలోని సగపు పతకములవలె సగములు రెండును మరల కలిసెను. 1939లో సియెనా నగరమున జరిగిన సంగీతోత్సవములో వాటిలో కొన్ని తిరిగి వినిపింపబడెను.

నేడు యూరపు, అమెరికా ఖండములలోని పెక్కు సంగీత కళాశాలలు బరోకు సంగీతమునకై విద్యార్థి మేళములను నడపుచున్నవి. న్యూయార్కు నగరములోని జూలియార్డు సంగీత పాఠశాలలో 2009లో ఏర్పడిన మేళమునకు జూలియార్డు 415 అని పేరు. ఇప్పటి పాశ్చాత్య మేళములు సాధారణముగా ఏ అను స్వరమును సెకనుకు 440 కంపనములకు శ్రుతి చేయును. బరోకు సంగీతమునకు 415 కంపనములు ఉంచుకొనుట వాడుకయైనది. అనగా శ్రుతి సుమారు అరస్వరము తగ్గును. ఫిడేళ్లకు ఉక్కుతీగలకు మారుగా పేగుతంతులు బిగింతురు. కమానులును పూర్వపు ఆకారముననే యుండును. ఇట్టి మేళములలో కఱ్ఱ పట్టుకొని ముందు నిలుచు నాయకుడు లేకయే, ఫిడేలు వాయించువారొకరి చూపునుబట్టి తక్కినవారు నడచుట పెక్కుమార్లు కలదు. అట్టిచోట తన పాలు తాను వాయించిన చాలదు. ప్రక్కవారు వాయించునది వినవలెను. పియెతా బాలికలు జాలకము వెనుక అలవరచుకొన్న విద్య యిదియే.

మన పాఠశాలలలో హార్ప్సికార్డులు లేవు, బసూనులు లేవు. హార్మోనియము ఒకటి, తబలా యొకటి, అదృష్టమున్నచో ఫిడేలు ఒకటి యుండును. వివాల్దివంటి గురువు దొరకుట ఎచటనైనను అరుదే. కాని పియెతా మేళమును తరతరములుగా నిలిపినది వివాల్ది యొక్కడు కాడు. ఆయనకు ముందును తరువాతను ఆ మేళముండెను. దానిని నిలిపినది, నేర్చిన పిల్ల నేర్వని పిల్ల ప్రక్కన కూర్చుండు ఆచారము. దానికి ఖర్చు లేదు. ఏ తరగతిలోనైనను, ఏ పాఠమునకైనను అది సాధ్యము. పైతరగతి విద్యార్థి క్రిందితరగతి విద్యార్థికి లెక్క విడమరచి చెప్పుటకై అరగంట వెచ్చించినచో తన చదువు చెడునని తలిదండ్రులు భయపడ నక్కరలేదు. పాటలో ముందువరుసకు వచ్చిన బాలబాలికలు వెనుకవరుసలో శ్రుతి తప్పుచున్న తమ్ముని, చెల్లెలిని వెక్కిరింపక, సాయంకాలమున ఆ చరణమును వారితో రెండుమార్లు పాడింతురుగాక. వచ్చు క్రిస్మసు పాటలకు అభ్యాసము ప్రారంభించునపుడు మన గాయకబృందమువారు ఈ పద్ధతిని పరీక్షించి చూచెదరని కోరుచున్నాము.